ఇనుము తక్కువైన చుక్కలు

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో "ఇనుమెంత?" అన్నది బతుకుదెరువు ప్రశ్న. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో ఉక్కు ఫ్యాక్టరీ ముచ్చట ఉంది. ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం కుదురుతుందో లేదో సెయిల్ పరిశీలించాలని అందులో రాశారు. బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉండేది, 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలొచ్చాక మహబూబాబాద్‌లో కలిసింది. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదంటే ఢిల్లీ వైపు నుంచి ఎక్కువగా వినిపించిన జవాబు ఒకటే: ఆ ఖనిజంలో ఇనుము శాతం చాలదు.

ఒక శాతం లెక్క ఒక ప్రాంతం ఆశను ఆపగలదు. అలాంటి లెక్కే ఇంకొకటి, మనిషికి విశ్వం వయసు మీద ఉన్న అవగాహనను మార్చేసింది. అది కూడా ఇనుము లెక్కే. ఆకాశంలో పాత నక్షత్ర గుచ్ఛాల్లో ఇనుమెంత ఉందన్న లెక్క. అమెరికా కొండల మీది పెద్ద టెలిస్కోపులతో ఈ కథ మొదలుపెట్టడం రివాజు. నేను బేగంపేట నుంచి మొదలుపెడతాను. ఎందుకో చివరికి తెలుస్తుంది.

*

బమ్మెర ఊరు ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పోతన ఊరు. ఆయన భాగవతం నాలుగో స్కంధంలో ధ్రువుడి కథ మనందరికీ తెలుసు. తండ్రి ఒడిలో చోటు దొరకని పిల్లవాడు తపస్సు చేసి ఎవరూ కదల్చలేని చోటు సంపాదించుకుంటాడు. ఆలోచిస్తే అది మొదటి నుంచి చివరిదాకా చోటు గురించిన కథే. ఖగోళశాస్త్రం కూడా వేల ఏళ్ళు చుక్కల్ని అడిగింది ఆ ఒక్క ప్రశ్నే: నువ్వెక్కడ? దేనితో తయారయ్యావని అడగలేదు. అడిగినా జవాబు వచ్చే దారి లేదు.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు కూడి, ఆ "ఎక్కడ" ప్రశ్నకు ఒకేసారి జవాబు రాసిపెట్టాలనుకున్నారు. ఆకాశాన్నంతా పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ ఒక్కో వేధశాలకు అప్పగించి, గాజు పలకల మీద ఫోటోలు తీయించి, సుమారు 11వ తరగతి ప్రకాశం దాకా ఉన్న ప్రతి చుక్క స్థానాన్నీ కొలవాలన్నది పథకం. దాని పేరు కార్త్ దు సియెల్, అంటే ఆకాశ పటం. కొన్ని వేధశాలలు ఒప్పుకున్న పని చెయ్యలేక చేతులెత్తేశాయి. అలా చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, తిరిగి తిరిగి హైదరాబాద్‌కు వచ్చింది.

హైదరాబాద్‌లో అప్పటికే ఒక వేధశాల ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించుకుని 1901లో ఫిసల్‌బండ దగ్గర మొదలుపెట్టిన సొంత వేధశాల అది. 1907లో ఆయన పోయాక, 1908లో నిజాం సర్కారు దాన్ని చేతిలోకి తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత బేగంపేటకు మారింది. ఆర్థర్ చాట్‌వుడ్, ఆయన తర్వాత రాబర్ట్ పోకాక్ డైరెక్టర్లుగా ఉన్నారు. 1918 నుంచి 1944 దాకా టి.పి. భాస్కరన్. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అప్పగించిన దక్షిణపు పట్టీ పూర్తి చేయడమే కాకుండా, జర్మనీలోని పోట్స్‌డామ్ నుంచి మిగిలిపోయిన ఉత్తరపు పట్టీని కూడా, ప్లస్ 36 నుంచి ప్లస్ 39 డిగ్రీల దాకా, హైదరాబాదే నెత్తికెత్తుకుంది.

పని ఎలా ఉండేదో ఊహించుకోండి. 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో రాత్రంతా పలకలు తీయడం. ప్రతి పలక మీదా సన్నని గళ్ళు ముద్రించి ఉంటాయి. పగలు ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్క ఏ గడిలో, గడి గీత నుంచి ఎంత దూరంలో ఉందో చదివి పుస్తకంలో ఎక్కించాలి. చుక్క మచ్చ ఎంత వెడల్పుందో చూసి ప్రకాశం అంచనా వెయ్యాలి. తర్వాత ఇంకో చుక్క. ఇలా లక్షల చుక్కలు. అచ్చయింది 12 సంపుటాలు. మొదటి ప్రపంచ యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం ఈ పని మధ్యలోనే జరిగిపోయాయి.

*

ఇదే కాలంలో, ఇంకో ప్రశ్న పుట్టింది. వెలుగును పట్టకంతో విడదీస్తే వచ్చే రంగుల పట్టీలో, అంటే వర్ణపటంలో, సన్నని నల్లగీతలుంటాయి. ఏ మూలకానికి దాని గీతలు దానివే. ఇనుముకు వందల గీతలు. సూర్యుడి వర్ణపటం నిండా ఇనుప గీతలే కనిపిస్తాయి కాబట్టి సూర్యుడు కూడా భూమిలాగే ఇనుము, సిలికాన్‌లతో తయారయ్యాడని చాలామంది నమ్మారు.

ఆ నమ్మకంలో పొరపాటు ఎక్కడుందో బయటపడటానికి కారణం 1920లో మేఘనాథ్ సాహా రాసిన సమీకరణం. గీత ఎంత గట్టిగా కనిపిస్తుందన్నది ఆ మూలకం ఎంత ఉందన్నదాని మీద మాత్రమే ఆధారపడదు, వేడి మీద కూడా ఆధారపడుతుంది. కూర పొగలు కక్కుతున్నప్పుడు ఉప్పు ఒకలా తెలుస్తుంది, చల్లారాక ఇంకోలా. నాలుకకు తేడా తెలిసిందని కూరలో ఉప్పు మారదు కదా. సాహా లెక్కను చేతబట్టుకుని 1925లో హార్వర్డ్‌లో సిసీలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి నక్షత్రాల వర్ణపటాలను మళ్ళీ చదివింది. నక్షత్రాల్లో ఉన్నదంతా దాదాపు హైడ్రోజన్, హీలియమే, మిగతావన్నీ చిటికెడేనని తేలింది. పెద్దాయన హెన్రీ నోరిస్ రస్సెల్ ఇది అసాధ్యమన్నాడు. చేసేదిలేక ఆమె తన థీసిస్‌లో తను కనుక్కున్నదాన్ని తనే నిజం కాకపోవచ్చని రాసింది. కొన్నేళ్ళకు రస్సెలే ఆమె మాట ఒప్పుకున్నాడు.

ఇవాళ్టి లెక్కలో సూర్యుడిలో సుమారు 30 వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఇనుప పరమాణువు. ఇదే మనకు తూకంరాయి. ఏ నక్షత్రంలో ఇనుమెంతో చెప్పాలన్నా సూర్యుడితో పోల్చే చెబుతారు.

ఇక్కడ గుచ్ఛాల సంగతి రావాలి. ఎం13 అనేది హెర్క్యులీస్ రాశిలో లక్షల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టిన గోళాకార గుచ్ఛం. 1714లో ఎడ్మండ్ హేలీ దాన్ని గుర్తించాడు. మనకు 20 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరం. ఒకే మబ్బు నుంచి, ఒకే కాలంలో పుట్టిన తోబుట్టువులు గుచ్ఛంలోని నక్షత్రాలని అనుకునేవాళ్ళు. కాబట్టి ఒకరిద్దరిని పరీక్షిస్తే ఇంటిల్లిపాది సంగతి తెలిసినట్టే. చిక్కల్లా వాటి మసకతనం. ఎం13లో మిక్కిలి ప్రకాశవంతమైన చుక్కలు కూడా 12వ తరగతి దగ్గర ఉంటాయి. కంటికి ఆనే చివరి చుక్క కంటే సుమారు 250 రెట్లు మసక. ఆ కాస్త వెలుగును రంగులుగా విడదీస్తే ఇక మిగిలేదేముంది?

అందుకే 1951లో మొదటి అనుమానం దగ్గరి చుక్కల మీద వచ్చింది. జోసెఫ్ చాంబర్లేన్, లారెన్స్ ఆలర్ రెండు నక్షత్రాల్లో ఇనుము, కాల్షియం ఉండాల్సినదానికన్నా బాగా తక్కువని చూశారు. వాళ్ళకే నమ్మబుద్ధి కాలేదు. కొరత మరీ ఎక్కువగా కనబడకుండా నక్షత్రం వేడిని లెక్కలో కొంచెం సర్దారని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి మూలకాలు నక్షత్రాల కడుపులోనే వండబడతాయన్న సిద్ధాంతాన్ని విడమరిచి రాశారు. అది నిజమైతే, తొలి కాలపు నక్షత్రాల్లో ఇనుము తక్కువుండాలి. వండేవాళ్ళు ఇంకా పుట్టకముందు ఇనుమెక్కడిది?

1959లో హెల్ఫర్, వాలర్‌స్టైన్, గ్రీన్‌స్టైన్ అనే ముగ్గురు పాలొమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపుతో గోళాకార గుచ్ఛాల్లోని ఎర్ర పెద్ద చుక్కల వర్ణపటాలు పట్టి మూలకాల లెక్క తేల్చారు. గుచ్ఛాల రసాయన చరిత్రలో తొలి పెద్ద అడుగు ఇదే. వాళ్ళు తీసుకున్న గుచ్ఛాల్లో ఎం92, ఎం13 ఉన్నాయి. నేటి కొలతల ప్రకారం ఎం13లో ఇనుము సూర్యుడిలో ఉన్నదానికి 30వ వంతు, అంటే పది లక్షల హైడ్రోజన్లకు ఒక్క ఇనుము. ఎం92లో 200వ వంతు. వయసు 1200 కోట్ల ఏళ్ళకు పైమాటే. సూర్యుడికి 460 కోట్లు.

ఇప్పుడు ఒకసారి బేగంపేటకు తిరిగొద్దాం. ఎం13 ఉండే చోటు ప్లస్ 36 డిగ్రీల పైన. అంటే హైదరాబాద్ ఉత్తరపు పట్టీలోనే. బేగంపేట కెమెరా ఆ ముక్క ఆకాశాన్ని పలక మీదికి దించింది 1928, 1938 మధ్య. ఎం13 దగ్గరికి మనవాళ్ళు వెళ్ళారు, చోటు రాసుకున్నారు, వచ్చేశారు. ఏముందని అడిగే పనిముట్టు వాళ్ళ చేతిలో లేదు.

*

ఇది చదివితే కొంచెం బాధేస్తుంది. ఖగోళ చరిత్రకారుల్లో ఒక మాట తరచూ వినబడుతుంది: ఆకాశ పటం పనిలో ఇరుక్కున్న వేధశాలలు ముప్ఫై, నలభై ఏళ్ళు గడ్డి కోస్తూ కూర్చున్నాయి, ఈలోపు అమెరికన్లు వర్ణపటాలు పట్టుకుని ముందుకెళ్ళిపోయారని. నిజామియా మీద కూడా ఈ మాట అంటారు. నాకూ చాలాకాలం అదే నిజమనిపించింది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకు వైణు బప్పు. 1927లో పుట్టాడు, హైదరాబాద్‌లో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. వేధశాల ఆవరణే బాల్యమైన ఆ కుర్రవాడికి చోట్ల లెక్కలకన్నా వర్ణపటాల మీద మనసుపడింది. 1949లో హార్వర్డ్ చేరాడు. అప్పుడక్కడ డైరెక్టర్ హార్లో షాప్లీ. గోళాకార గుచ్ఛాలు ఆకాశంలో ఎటువైపు గుంపుకట్టాయో చూసి, మన సూర్యుడు పాలపుంత నడిబొడ్డున లేడని చెప్పిన మనిషి. ఆ ఏడే బప్పు ఒక తోకచుక్కను కనుక్కున్నాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి వర్ణపటంలో ఒక కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రం అసలు ప్రకాశం చెప్పే సూత్రం ఇచ్చాడు. తిరిగొచ్చి తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు దగ్గర వేధశాల కట్టాడు. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 జనవరిలో జాతికి అంకితమైంది. బప్పు 1982లోనే పోయాడు. దానికి ఆయన పేరే పెట్టారు.

ఉస్మానియా కూడా ఊరికే లేదు. నగరం దీపాలు పెరిగి బేగంపేట ఆకాశం మసకబారుతుంటే, రంగాపూర్ దగ్గర గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. 1968లో పని మొదలుపెట్టినప్పుడు దేశంలో అదే పెద్దది. కె.డి. అభ్యంకర్ బృందం అక్కడ ఎక్కువగా జంట నక్షత్రాల మీద పనిచేసింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడికే వచ్చారు. తర్వాత ఆ గుట్ట మీదికి కూడా నగరం వెలుగు పాకింది. బేగంపేటలో పాత వేధశాల గుమ్మటం ఇప్పుడు ఒక పరిశోధనా సంస్థ ఆవరణలో శిథిలంగా ఉంది.

*

మరి గడ్డి కోయడమే అయ్యిందా?

గుచ్ఛం రసాయనాలు కొలవాలంటే మొట్టమొదట తేలాల్సింది ఎవరు ఇంటివాళ్ళు, ఎవరు దారినపోయేవాళ్ళు అన్నది. గుచ్ఛం వైపు చూస్తే దాని ముందూ వెనకా సంబంధం లేని నక్షత్రాలు బోలెడు కనిపిస్తాయి. ఫోటోలో అందరూ పక్కపక్కనే. మేడారం జాతర దారిలో ఒక ఫోటో తీసి, వీళ్ళలో ఎవరు జాతరకు పోతున్నారు, ఎవరు పొలానికి పోతున్నారు చెప్పమంటే ఎట్లా? గంటాగి ఇంకో ఫోటో తీస్తే తెలుస్తుంది. కలిసి ఒకే దిక్కుకు కదిలినవాళ్ళు ఒక జట్టు. నక్షత్రాలకు గంట చాలదు. కొన్ని దశాబ్దాలు ఆగాలి. ఎంత పాత ఫోటో ఉంటే అంత మేలు.

ఆ పాత ఫోటో ఎవరి దగ్గరుంది? శాంటియాగో వదిలేసినది, పోట్స్‌డామ్ వదిలేసినది హైదరాబాద్ 12 సంపుటాల్లో ఉంది. 1990లలో అమెరికా నౌకాదళ వేధశాల వాళ్ళు అన్ని వేధశాలల ఆకాశ పటం అంకెలనూ కంప్యూటర్లోకి ఎక్కించి కొత్తగా సరిచేశారు. వాటిని హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో పక్కపక్కన పెట్టి, 2000లో టైకో-2 పట్టిక వచ్చింది. 25 లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత కదులుతున్నాయో అందులో ఉంది. ఉపగ్రహం ఎక్కడుందో చెప్పింది. ఒకప్పుడు ఎక్కడుండేదో చెప్పింది బేగంపేటలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్ళు, వాళ్ళలాంటి ఇతర దేశాలవాళ్ళు. వాళ్ళ పేర్లు మనకు పెద్దగా తెలియవు, అంకెలు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి.

దీనికొక మంచి ఉదాహరణ ఎన్‌జీసీ 752. ఆండ్రోమెడా రాశిలో వదులుగా చెదిరిన గుచ్ఛం. 1783లో కరోలిన్ హెర్షెల్ చూసింది. వయసు 130, 150 కోట్ల ఏళ్ళ మధ్య. గోళాకార గుచ్ఛాల ముందు పిల్లదే కానీ, తొందరగా చెదిరిపోయే ఇలాంటి గుచ్ఛాల్లో ముసలిదే. ఇది ప్లస్ 37 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే మళ్ళీ హైదరాబాద్ పట్టీలోనే. ఇందులోని ఎర్ర పెద్ద చుక్కలు 9వ తరగతివి, బేగంపేట పలకల మీద స్పష్టంగా పడే ప్రకాశం. 2012లో భారత ఖగోళభౌతిక సంస్థకు చెందిన ఎ.బి.ఎస్. రెడ్డి, సునేత్రా గిరిధర్, టెక్సాస్‌లోని డేవిడ్ లాంబర్ట్ ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఎన్‌జీసీ 752, 1817, 2360, 2506 గుచ్ఛాల్లోని ఎర్ర పెద్ద చుక్కల్లో ఏ మూలకం ఎంతుందో కొలిచారు. 752లో ఇనుము దాదాపు సూర్యుడిలో ఉన్నంతే. 2506లో కొంచెం తక్కువ. పాలపుంత నడిమి నుంచి అంచుకు పోతున్నకొద్దీ ఇనుము ఎలా తగ్గుతుందో తేల్చడానికి ఇలాంటి ఒక్కో గుచ్ఛం ఒక్కో మైలురాయి.

భాస్కరన్ కాలంలో చోటు, ఎనభై ఏళ్ళ తర్వాత సరుకు. అదే గుచ్ఛం, అవే చుక్కలు.

*

ఒకే ఇల్లు, ఒకే రక్తమన్న పాత నమ్మకానికి కూడా ఒక దెబ్బ తగిలింది. 1970లలోనే ఒమేగా సెంటారీ గుచ్ఛంలో నక్షత్రానికీ నక్షత్రానికీ లోహాలు ఒకేలా లేవని బయటపడింది. 1990లలో లిక్ వేధశాలకు చెందిన రాబర్ట్ క్రాఫ్ట్, టెక్సాస్‌కు చెందిన క్రిస్ స్నీడెన్ బృందం ఎం13లో ఒక్కో చుక్కనూ విడిగా కొలిచారు. ఇనుము అందరిలో దాదాపు సమానం. కానీ ఆక్సిజన్ తక్కువున్న చోట సోడియం ఎక్కువ. కొందరు తోబుట్టువులు ముందుతరం వండి వదిలిన సరుకుతో పుట్టినట్టు. ఆ వండినవాళ్ళెవరన్నది ఇప్పటికీ తెగని వాదమే. 2014లో హేమ, గజేంద్ర పాండే కావలూరులో బప్పు పేరున్న టెలిస్కోపుతో ఒమేగా సెంటారీ ఎర్ర చుక్కల్ని వెతికి, హైడ్రోజన్ ఉండాల్సినంత లేని కొన్నింటిని పట్టుకున్నారు.

ఇదంతా ఎంత పాత కాలమో పట్టుబడాలంటే భూపాలపల్లి దగ్గరి అంచనా ఒకటి పనికొస్తుంది. అక్కడ సింగరేణి తవ్వే గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడినది. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు కూడా నక్షత్ర గుచ్ఛమే, వయసు సుమారు 12 కోట్ల ఏళ్ళు. అంటే భూపాలపల్లి బొగ్గు భూమిలో పడేనాటికి ఆకాశంలో పిల్లలకోడి లేదు. ఎం13 మాత్రం అప్పటికే 1100 కోట్ల ఏళ్ళు దాటి, తన కాస్త ఇనుముతో తను తిరుగుతోంది. మన బొగ్గులో కార్బనైనా, బయ్యారం గుట్టల్లో ఇనుమైనా, సూర్యుడు పుట్టకముందు ఎప్పుడో పేలిపోయిన, వాడిపోయిన నక్షత్రాల వంటే. ఆ వంట మొదలవుతున్న రోజుల్లో పుట్టినవి ఈ గుచ్ఛాలు. అందుకే వాటిలో ఇనుము తక్కువ. బయ్యారంలో ఆ మాట కొరతగా వినిపిస్తుంది. ఆకాశంలో అదే వాటి పుట్టినతేదీ పత్రం.

జూన్ మొదటి వారంలో వానలు ఇంకా రాని రాత్రి, జనగామ దాటి ఊళ్ళ దీపాలకు దూరంగా నిలబడితే అర్ధరాత్రి ఎం13 నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది. మామూలు బైనాక్యులర్లో చిన్న దూదిపింజలా కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు దాన్ని ఏ దేశపు టెలిస్కోపుతోనో మొదలుపెట్టి గుర్తు చేసుకోకండి. అది హైదరాబాద్ పట్టీలోది.